కరపత్రంలోంచి మంత్రాల నిబంధన తీసేయండి: కర్నూలు జిల్లా పోటీల కమిటీలకు బహిరంగ లేఖ

సంక్రాంతికి, ఉగాదికి, జాతరలకు కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ టోర్నమెంట్లు, ఎద్దుల బండలాగుడు పోటీలు జరిపించే కర్నూలు జిల్లా గ్రామ కమిటీల పెద్దలకు, యువజన సంఘాల తమ్ముళ్లకు నమస్కారాలు.

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మీలో చాలామంది పిలిస్తే మీ ఊళ్లకు రెఫరీగా వచ్చాను, మీ ఇళ్లలో భోజనం చేశాను. మీరు చందాలు ఎంత కష్టపడి పోగుచేస్తారో, రాత్రంతా మేలుకొని కోర్టుకు సున్నం ఎలా కొడతారో కళ్లారా చూసినవాణ్ణి. ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ మధ్య కొన్ని ఊళ్ల కరపత్రాల్లో ఒక కొత్త నిబంధన కనపడుతోంది. ఎంట్రీ ఫీజు, బహుమతి దాతల పేర్లు, "కమిటీదే తుది నిర్ణయం" అనే మాట అన్నీ ఎప్పటిలాగే ఉంటున్నాయి. వాటి మధ్యలో "మంత్రతంత్రాలు, ప్రయోగాలు చేసినట్లు తెలిస్తే ఆ జట్టును పోటీ నుంచి తొలగిస్తాము" అని చేరింది. మోసాన్ని ఆపాలనే మీ ఉద్దేశంలో తప్పు లేదు. కానీ ఆ వాక్యం మోసాన్ని ఆపలేదు. పైగా అమాయకుల మీద వేటు వేయడానికి పనికొస్తుంది. దాన్ని తీసేయమని అడగడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు అసలు ప్రశ్న తేల్చుకుందాం. ఆటలో మానవాతీత శక్తి వాడితే అది మోసమేనా?

పొద్దున్నే అవుట్‌డోర్ స్టేడియంలో నడకకు వచ్చే మా మిత్రుల మధ్య ఈ ప్రశ్న గోల్ఫ్ మీదుగా వచ్చింది. ఒకాయన కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ గోల్ఫ్ నేర్చుకుంటున్నాడు. "చూపుతోనే బంతిని కదిపే శక్తి ఒకడికి ఉందనుకోండి, వాడు బంతిని హోల్‌లోకి పంపిస్తే తప్పు పడుతుందా?" అని ఆయన అడిగాడు. తప్పేనని అందరం ఒక్క గొంతుతో అన్నాం. ఏ రూలు కింద తప్పు అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఏ తప్పు జరిగినా దానికి రూలు చూపించడం నా వృత్తి. గోల్ఫ్ రూళ్ల పుస్తకం తెప్పించుకుని చదివాను.

గోల్ఫ్ మన జిల్లా ఆట కాదు. అయినా ఈ ప్రశ్నకు అంతకంటే మంచి ఆట దొరకదు. కబడ్డీలో మనిషిని మనిషి పట్టుకుంటాడు, క్రికెట్‌లో బంతి ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలోనో బ్యాటు మీదో ఉంటుంది. గోల్ఫ్‌లో బంతి గడ్డి మీద కదలకుండా పడి ఉంటుంది. దాన్ని కదిలించే హక్కు ఎవరికి, ఎప్పుడు, దేనితో ఉంటుందన్నదే ఆ ఆట మొత్తం. 1744లో స్కాట్లండ్‌లోని లీత్‌లో 13 నిబంధనలతో మొదలైన పుస్తకమది. ఇప్పుడు దాన్ని సెయింట్ ఆండ్రూస్‌లోని ఆర్ అండ్ ఏ అనే సంస్థ, అమెరికా గోల్ఫ్ సంఘం కలిసి చూసుకుంటున్నాయి. 2019లో దాన్ని తిరగరాసి 34 రూళ్లను 24కి కుదించారు.

అందులో మంత్రం అనే మాట ఎక్కడా లేదు. అవసరం కూడా రాలేదు. బంతిని క్లబ్ (గోల్ఫ్ కర్ర) తలతో కొట్టాలి, తోయకూడదు, లాగకూడదు, ఎత్తి వేయకూడదు అని 10వ రూలు చెబుతుంది. స్ట్రోక్ అంటే బంతిని కొట్టడానికి క్లబ్‌ను ముందుకు ఊపడం. మనసుతో కదిపితే అది స్ట్రోక్ కానే కాదు. ఆగి ఉన్న బంతిని ఆటగాడు కదిపితే 9వ రూలు కింద ఒక స్ట్రోక్ శిక్ష పడుతుంది, అంటే అతని లెక్కకు ఒక స్ట్రోక్ కలుపుతారు (తక్కువ స్ట్రోకులతో ముగించినవాడే గెలుస్తాడు), బంతిని మళ్లీ పాత చోట పెట్టాలి. దొర్లుతున్న బంతిని కావాలని ఆపినా, దారి మళ్లించినా 11వ రూలు ప్రకారం రెండు స్ట్రోకుల శిక్ష. తప్పు మరీ తీవ్రమైతే, ఆట మర్యాదను కాలరాశాడని 1వ రూలు కింద పోటీ నుంచే పంపేయొచ్చు. చేత్తో కదిపావా, కాలితో కదిపావా, కళ్లతో కదిపావా అని ఈ రూళ్లు అడగవు. కదిపింది నువ్వేనా అని మాత్రమే అడుగుతాయి.

కాబట్టి ప్రశ్నకు సూటి జవాబు ఉంది. అలాంటి శక్తి నిజంగా ఉండి, దాన్ని బంతి మీద వాడితే, అది మోసమే. శక్తి దేవుడిచ్చిందా, గురువిచ్చిందా, పుట్టుకతో వచ్చిందా అన్నది లెక్కలోకి రాదు.

అన్ని శక్తుల సంగతీ ఇదేనా అంటే కాదు, ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఒకడికి మామూలు మనుషులకు లేనంత భుజబలం ఉందనుకుందాం, వాడు కొడితే బంతి కనుచూపు మేర దాటిపోతుంది. ఆ బలం వాడి చేతిలోంచి, క్లబ్‌లోంచి బంతికి చేరింది కాబట్టి అది ఆటే. బండలాగుడులో ఒక జత ఎద్దులు పుట్టుకతోనే మిగతా జతల కంటే గట్టివైతే వాటిని తొలగిస్తామా? ఇంకొకడికి గాలి ఎటు తిరుగుతుందో ముందే తెలుస్తుందనుకుందాం. గాలి వేగం కొలిచే పరికరం వాడొద్దని గోల్ఫ్ 4వ రూలు అంటుంది, కానీ గడ్డి పరకలు గాల్లోకి వదిలి చూసుకుంటే అభ్యంతరం చెప్పదు. ఒంటికి తెలిసిన దాన్ని ఏ రెఫరీ కాదనలేడు. నా మటుకు నేను దాన్ని మోసం అనను, భిన్నాభిప్రాయం ఉన్నవాళ్లతో వాదించడానికి సిద్ధమే. ఇక ఇష్టదైవాన్ని తలుచుకుంటే గుండె దిటవు అవుతుందనుకునే ఆటగాళ్లు ఉన్నారు. అది ఎవరి బంతినీ కదపదు, ఎవరి కాలికీ అడ్డం పడదు. దాని జోలికి ఏ నిబంధనా పోకూడదు.

ఈ పుస్తకంలో నన్ను బాగా ఆలోచింపజేసింది మరో సంగతి. బంతి కదిలింది, ఎందుకు కదిలిందో ఎవరికీ తెలియదు. అప్పుడేం చేయాలి? ఆటగాడో, ప్రత్యర్థో, బయటి మనిషో జంతువో కదిపినట్టు ఖాయంగా తెలియాలి, లేదా కనీసం 95 శాతం నమ్మకం కుదరాలి. అంత నమ్మకం కుదరకపోతే గాలికో, నేల వాలుకో కదిలినట్టే లెక్క, ఎవరికీ శిక్ష ఉండదు. అనుమానం ఎంత బలంగా ఉన్నా సరే, కారణం దొరకనప్పుడు మనిషి మీద వేయొద్దని రాసుకున్నారు. ఈ ఒక్క మాట మన కరపత్రాల్లోకి వస్తే చాలని నాకు అనిపించింది.

మరి నిజంగానే కదిపి, ఎవరికీ దొరకకుండా పోతే? గోల్ఫ్ దానికీ ఒక దారి పెట్టుకుంది. తన తప్పు తానే చెప్పుకుని శిక్ష వేసుకోవడం ఆటగాడి బాధ్యత. 1925 అమెరికా ఓపెన్ గోల్ఫ్ పోటీలో బాబీ జోన్స్ అనే ఆటగాడు కొట్టబోతుంటే క్లబ్ గడ్డికి తగిలి బంతి కొంచెం కదిలింది. అధికారులెవరూ చూడలేదు. తాను చూశానని, ఒక స్ట్రోక్ వేసుకోవాల్సిందేనని అతనే పట్టుబట్టాడు. ఆ ఒక్క స్ట్రోక్ లేకపోతే టైటిల్ అతనిదే. స్కోర్లు సమానమై ప్లేఆఫ్‌కు వెళ్లి విల్లీ మాక్‌ఫర్లేన్ చేతిలో ఓడిపోయాడు. మానవాతీత శక్తి ఉన్న మనిషి గోల్ఫ్ ఆడితే అతని తప్పు బయటపెట్టగలిగేది అతని నోరే. రెఫరీ దగ్గర దానికి సాధనం లేదు. మీ దగ్గరా లేదు, నా ఈలలోనూ లేదు.

ఇది ఊహకే పరిమితమైన గొడవ కాదు. పెద్ద పెద్ద పోటీల్లోనే ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయి.

1996 జూన్ 15న వెంబ్లీలో యూరో ఫుట్‌బాల్, ఇంగ్లండ్‌కు స్కాట్లండ్‌కు మ్యాచ్. స్కాట్లండ్ ఒక గోల్ వెనుకబడి ఉండగా వాళ్లకు పెనాల్టీ దొరికింది. స్కాట్లండ్ ఆటగాడు గ్యారీ మెకాలిస్టర్ పరుగెత్తుకుంటూ వచ్చి తన్నబోతుండగా బంతి కొద్దిగా కదిలింది. ఇంగ్లండ్ గోల్‌కీపర్ సీమన్ ఆ బంతిని ఆపేశాడు, కాసేపటికే ఇంగ్లండ్ ఆటగాడు గాస్కోయిన్ రెండో గోల్ కొట్టాడు. చెంచాలు వంచుతానని పేరు తెచ్చుకున్న యూరి గెల్లర్, స్టేడియం మీద హెలికాప్టర్లో తిరుగుతూ ఆ బంతిని తానే మనసుతో కదిపానని చెప్పుకున్నాడు. మన ప్రశ్న అచ్చంగా ఇదే: ఆగి ఉన్న బంతి, దూరాన ఉన్న మనిషి, మధ్యలో ఏమీ లేదు. ఆయన స్వయంగా ఒప్పుకున్నా కూడా ఆ ఫలితం మారలేదు. మారి ఉంటే ఎంత ప్రమాదమో చూడండి. ఓడిన ప్రతి జట్టూ ఒక మంత్రగాణ్ణి తీసుకొచ్చి "నేనే కదిపాను" అనిపిస్తే సరిపోయేది.

1978లో ఫిలిప్పీన్స్‌లోని బాగియోలో కార్పోవ్‌కు, కోర్చ్‌నాయ్‌కి మధ్య జరిగిన ప్రపంచ చదరంగం పోటీ ఇంకా చిత్రమైనది. కార్పోవ్ వైపు నుంచి జుఖార్ అనే మానసిక నిపుణుడు వచ్చి ముందు వరుసల్లో కూర్చుని కోర్చ్‌నాయ్ వైపు రెప్పవేయకుండా చూసేవాడు. ఆ చూపుతో తన ఆలోచనను చెడగొడుతున్నాడని కోర్చ్‌నాయ్ గొడవపడ్డాడు. అద్దంలా మెరిసే కళ్లజోడు పెట్టుకుని ఆడాడు. ఆ తర్వాత ఆనందమార్గ్ అనే ఆధ్యాత్మిక సంస్థకు చెందిన ఇద్దరిని తెచ్చుకుని వాళ్ల దగ్గర ధ్యానం నేర్చుకున్నాడు. అంటే అటు చూపు, ఇటు ధ్యానం. మన ఊళ్లో అటు నిమ్మకాయ, ఇటు అంత్రం ఉన్నట్టే. అంతకుముందు కార్పోవ్‌కు ఆట మధ్యలో ఊదారంగు పెరుగు తెచ్చిచ్చారని, అది రహస్య సంకేతం కావచ్చని కోర్చ్‌నాయ్ వర్గం ఫిర్యాదు చేసింది.

నిర్వాహకులు ఏం చేశారన్నదే మనకు కావలసింది. చూపులో శక్తి ఉందా లేదా అని వాళ్లు విచారణ పెట్టలేదు. జుఖార్ కుర్చీ ఎక్కడ ఉండాలన్న దాని మీద బేరం నడిచింది, వెనక్కి జరగాలన్నారు. పెరుగు విషయంలో ఒకే రకం, ఫలానా సమయానికే ఇవ్వాలన్నారు. కుర్చీ కనపడుతుంది, పెరుగు కనపడుతుంది. కనపడే వాటికి హద్దులు గీశారు, కనపడనిదాని గురించి తీర్పు చెప్పలేదు. 32 ఆటల తర్వాత కార్పోవ్ 6-5తో గెలిచాడు, మిగతా ఆటలు డ్రా అయ్యాయి. కోర్చ్‌నాయ్ కోపం చల్లారకపోయి ఉండొచ్చు, అయినా మంత్రం వేశావన్న నేరం కింద ఎవరికీ శిక్ష పడలేదు.

ఆఫ్రికాలో రెండు చోట్ల వేరే దారి పట్టారు. 2002లో మాలి రాజధాని బమాకోలో ఆఫ్రికా కప్ సెమీఫైనల్‌కు ముందు, మైదానంలో మంత్రించిన వస్తువు వేశాడన్న ఆరోపణతో కామెరూన్ గోల్‌కీపర్ల కోచ్ థామస్ ఎన్‌కోనోను పోలీసులు గ్రౌండ్ లోంచే పట్టుకుపోయారు. ఆయన ఆ దేశం తరఫున ప్రపంచ కప్పులు ఆడిన గొప్ప గోల్‌కీపర్. 2016 చివర్లో రువాండాలో ఒక లీగ్ మ్యాచ్‌లో గోల్‌పోస్టు దగ్గర ఏదో వస్తువు గురించి ఆటగాళ్ల మధ్య పెనుగులాట జరిగింది. దాంతో అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య మంత్రాలకు జరిమానాలు ప్రకటించింది. మీ కరపత్రంలోని వాక్యం ఈ రెండో దారిలోది. ఆ దారి ఎక్కడికి పోతుందో నేను దగ్గరి నుంచి చూశాను.

మన జిల్లాలోనే ఒక ఊరు, పేరు చెప్పను. వాలీబాల్ ఫైనల్. ఒక జట్టులో ఇంటర్ చదివే కుర్రాడు, కూలి పనికి పోయే తల్లికి ఒక్కడే కొడుకు. వాడి షాట్లు ఆ రోజు ఆపడం ఎవరి వల్లా కాలేదు. అవతలి జట్టు మంచి ఆటగాడికి రెండో సెట్‌లో మడమ మెలిపడింది. అంతే, ఎవరో కుర్రాడి బ్యాగు వెతికారు. కాగితం పొట్లంలో విభూతి, ఒక ఎండిన నిమ్మకాయ దొరికాయి. తల్లి మంత్రాలయం పోయినప్పుడు తెచ్చిన పొట్లం అది, నిమ్మకాయ దిష్టికి పెట్టింది. "ప్రయోగం చేసినావు రా" అని వాణ్ణి చుట్టుముట్టారు. ఆట ఆగిపోయింది. కమిటీ వాళ్లు మైకులో పేరు చెప్పి మరీ జట్టును తొలగించారు. "తప్పు చేయకుంటే కాణిపాకం పోయి ప్రమాణం చెయ్" అన్నారు. పదిహేడేళ్ల పిల్లవాడు, ఊరంతా చూస్తుండగా, ఏడుస్తూ "నేనేం చేయలే సార్" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ మ్యాచ్‌కు రెఫరీని నేనే. కమిటీదే తుది నిర్ణయం అన్నది కరపత్రంలో రాసి ఉంది, నా మాట చెల్లలేదు.

వాడు ఇప్పుడు ఆడటం లేదు. తర్వాత నెలల తరబడి ఆ తల్లిని బోరు దగ్గర, కూలి దగ్గర "మంత్రగాడి తల్లి" అన్నారని విన్నాను. మడమ మెలిపడిన పిల్లవాడు వారం తిరక్కముందే మళ్లీ పరుగెత్తాడు.

పెద్దలారా, ఆ రోజు మీరుంటే ఏ సాక్ష్యం అడిగేవారు? విభూతికి, మడమకు మధ్య దారి చూపించమంటే ఎవరు చూపించగలరు? గోల్ఫ్ వాళ్లు కోరే 95 శాతం నమ్మకం పక్కన పెట్టండి, అక్కడ ఒక్క శాతం కూడా లేదు. ఉన్నదల్లా ఓడిపోతున్న జట్టు అక్కసు, మైకు చేతిలో ఉన్నవాళ్ల తొందరపాటు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ ఆరోపణ ఎప్పుడూ బలవంతుడి మీద పడదు. ఊళ్లో పలుకుబడి ఉన్నాయన ఎద్దులకు నిమ్మకాయల దండ వేసి, గుమ్మడికాయ కొట్టి తోలుకొస్తే అది ఆచారం. పేద ఇంటి పిల్లవాడి బ్యాగులో అదే నిమ్మకాయ ఉంటే ప్రయోగం. ఎద్దు తూలితే, ఎదురొచ్చిన ముసలమ్మను, వితంతువును వేలెత్తి చూపిన సందర్భాలు మీకూ తెలుసు. చేతబడి చేశారన్న నెపంతో మనుషులను చెట్టుకు కట్టేసి కొట్టిన వార్తలు మన రాష్ట్రాల్లో ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆలూరు, ఆదోని వైపు సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడ ఇలాంటి అమానుష ఆచారాలకు వ్యతిరేకంగా 2017లో చట్టం చేశారు, 2020 నుంచి అమలు చేస్తున్నారు. పొరుగు రాష్ట్రం నేరంగా చూసే దారిలో మనం ఆటల కరపత్రంతో జనాన్ని నడిపించడం ఎంత తప్పో ఆలోచించండి.

"అయితే ఎవడు ఏం తెచ్చినా ఊరుకోవాలా?" అని మీరు అడుగుతారు. ఊరుకోవద్దు. అందుకు కావలసిన రూళ్లు ఆటల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి, మనమే వాటిని వాడటం లేదు.

ఎవరైనా మంత్రించిన నూనె అని ఒంటికి పూసుకుని కబడ్డీకి దిగితే ఏం చేయాలి? ఒంటికి నూనె గానీ జారే పదార్థం గానీ పూసుకోకూడదని కబడ్డీ నిబంధనే ఉంది. తుడుచుకుని రమ్మనండి. ఆ నూనె మీద ఏ మంత్రం చదివారో మీకు అక్కర్లేదు, అది జారుతుంది, అది చాలు. క్రికెట్ బంతికి విభూతి రాస్తే? బంతికి బయటి పదార్థం ఏదీ రాయకూడదని చట్టంలోనే ఉంది, 2022 నుంచి ఉమ్మి కూడా వద్దన్నారు. ఐదు పరుగుల జరిమానా వేయండి, విభూతి అయినా వాజలీన్ అయినా ఒకటే. గోల్ఫ్‌లోనూ ఇంతే. బంతి నడక మారేలా దానికి ఏదైనా పూసి ఆడితే పోటీ నుంచి తొలగిస్తారు, క్లబ్ తలకు పూసినా ఒప్పుకోరు. చేతికి కట్టుకున్న అంత్రం, మెడలో తాయెత్తు అవతలివాడికి గీసుకునేలా ఉంటే వాలీబాల్‌లో గానీ కబడ్డీలో గానీ తీసేయమనండి, ఉంగరానికి, గాజుకు ఏం చెబుతామో అదే. తీయడం ఇష్టం లేకపోతే గుడ్డతో గట్టిగా చుట్టి లోపలికి కట్టుకోనివ్వండి. నేను ఎన్నోసార్లు అలాగే చేయించాను, ఎవరి నమ్మకమూ నొచ్చుకోలేదు.

కోర్టు మీద, బండ లాగే దారిలో ఏ వస్తువూ పడి ఉండకూడదు. నిమ్మకాయైనా, కొబ్బరి చిప్పైనా, సీసా పెంకైనా తీసి పారేయించండి. తొక్కితే కాలు జారుతుంది, ఎద్దు గిట్టకు గుచ్చుకుంటుంది. ఆ కారణం చాలు. ఎవరు వేశారో కళ్లారా చూస్తే మైదానంలో చెత్త వేసినందుకు జరిమానా వేయండి.

ఇక్కడే నా అసలు బాధ చెప్పుకోవాలి. నిమ్మకాయల కోసం బ్యాగులు వెతికే మనం, కళ్ల ముందు జరిగే మోసాన్ని చూసీ చూడనట్టు ఉంటున్నాం. ఒక ఊరి పేరు మీద వేరే జిల్లా నుంచి కిరాయికి తెచ్చిన ఆటగాళ్లు దిగుతున్నారు. పద్దెనిమిదేళ్ల లోపు పోటీలో గడ్డం గీసుకుని వచ్చినవాళ్లు ఆడుతున్నారు, ఆధార్ కార్డు జిరాక్స్ చూపిస్తే ఒరిజినల్ ఎవరూ అడగరు. బండలాగుడులో పళ్లు చూసి విభాగం తేల్చేటప్పుడు బంధుత్వాలు అడ్డమొస్తున్నాయి. ఎద్దుకు ముందు రోజు రాత్రి ఏం తాగించారు, ఏ సూది వేశారు అని అడిగే కమిటీ ఎక్కడుంది? చెర్నాకోలతో ఎన్ని దెబ్బలు వేయొచ్చో కరపత్రంలో ఉండదు, ములుకోల వాడొద్దని రాసినా చూసేవాడు ఉండడు. పాపం ఆ మూగజీవికి మంత్రం వల్ల నొప్పి రాదు, ములుకు గుచ్చితే వస్తుంది. ఒక పశువైద్యుణ్ణి పిలిపించి పోటీకి ముందు ప్రతి జతనూ చూపించడానికి అయ్యే ఖర్చు, మీరు డీజేకు ఇచ్చే దానికంటే తక్కువే ఉంటుంది.

నిమ్మకాయ గొడవ ఉన్నంతసేపు ఈ మోసగాళ్లకు పండగే. జనం చూపంతా అటు పోతుంది.

నేను నాస్తికుణ్ణి కాను. తుంగభద్రలో స్నానం చేస్తాను, శ్రావణంలో ఉపవాసం ఉంటాను. దేవుణ్ణి నమ్మేవాడిగానే అడుగుతున్నాను: మన దేవుళ్లు వాలీబాల్ మ్యాచ్‌లో ఎవడి మడమ విరగాలో చూసుకుంటూ కూర్చుంటారని అనుకోవడం భక్తి అవుతుందా? తల్లి ఇచ్చిన విభూతి పొట్లం బ్యాగులో పెట్టుకున్న పిల్లవాడు చేసిన పాపం ఏంటి? వాడి నమ్మకాన్ని నేరం చేసింది మీ నిబంధనే.

ఒకవేళ నిజంగా ఎవరికైనా శక్తి ఉంటే అన్న ప్రశ్న మిగులుతుంది. అబ్రహాం కోవూర్ అనే కేరళీయుడు శ్రీలంకలో స్థిరపడి, మోసానికి వీల్లేని పరిస్థితుల్లో అతీత శక్తి చూపించినవాళ్లకు లక్ష రూపాయలు ఇస్తానని సవాలు చేశాడు. 1978లో ఆయన చనిపోయేదాకా ఆ డబ్బు ఎవరూ గెలుచుకోలేదు. మన దగ్గర జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊరూరా తిరిగి, మంత్రాలని చెప్పే పనుల వెనకున్న కిటుకులను పిల్లలకు చేసి చూపిస్తున్నారు. వాళ్లను మీ పోటీల ముందు రోజు సాయంత్రం పిలిపించండి. అయినా ఎక్కడో ఒకడికి ఉందనే అనుకుందాం. చూపుతో బండను కదిపేవాడు, తలుచుకుంటే బంతిని వంచేవాడు బ్యాగులో నిమ్మకాయ పెట్టుకుని వచ్చి మీకు దొరుకుతాడా? దొరకడు. వాడు చేసేది మోసమే, కానీ వాణ్ణి పట్టుకోవడం మీ వల్ల కాదు. మీ వాక్యానికి దొరికేది ఏ శక్తీ లేనివాళ్లే.

కాబట్టి కరపత్రంలో ఆ వాక్యం కొట్టేసి, దాని స్థానంలో ఈ రెండు వాక్యాలు వేయించండి. ఒకటి: "ఆట ఫలితం మార్చేలా ఒంటికి, బంతికి, మైదానానికి, పశువులకు ఏ పదార్థమైనా, వస్తువైనా వాడినట్టు రెఫరీ స్వయంగా చూసినా, పరీక్షలో తేలినా చర్య తీసుకుంటాము." రెండు: "మంత్రాలు, ప్రయోగాలు అనే ఫిర్యాదులు స్వీకరించము, ఆ పేరుతో ఆటగాళ్లను గానీ, ప్రేక్షకులను గానీ అవమానించిన జట్టును తొలగిస్తాము." రెండో వాక్యం మరీ కఠినంగా ఉందని ఒకరిద్దరు మిత్రులు అన్నారు. నేను ఒప్పుకోను. ఒక పిల్లవాడి పేరు మైకులో చెప్పి మంత్రగాడు అన్న తర్వాత, మరుసటి రోజు క్షమాపణ చెప్పినా ఊరు మరిచిపోదు. ముందే ఆపాలి.

అలాగే, ఆ వాలీబాల్ ఫైనల్ జరిపించిన కమిటీ వాళ్లు ఈ లేఖ చదువుతారని నాకు తెలుసు. మీ మీద నాకు ద్వేషం లేదు. వచ్చే టోర్నమెంట్ మొదటి రోజు, అదే మైకులో, ఆ కుర్రాడు ఏ తప్పూ చేయలేదని చెప్పండి. వాళ్లమ్మను పిలిచి కుర్చీ వేయండి. ఇది చట్టం అడిగేది కాదు, నేను అడుగుతున్నాను.

ఉగాది పోటీల కరపత్రాలు ప్రెస్సుకు పోకముందే మీ కమిటీల్లో దీని గురించి మాట్లాడుకోండి. ఏ ఊరు పిలిచినా వస్తాను. రూళ్ల పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి, కూర్చుని ఒక్కో ఆటకు నిబంధనలు రాసిపెడతాను. నాకు ఫీజు వద్దు, బస్సు చార్జీలు కూడా నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
కర్నూలు.